గుల్లసున్నం

చెరువుగట్టు మీద సున్నం బస్తా విప్పినప్పుడల్లా
ముందు నా అరికాళ్ళు ఉలిక్కిపడతాయి,
తర్వాత నేను.

మా హైస్కూలు గ్రౌండు
కాలవకీ కొబ్బరితోటకీ మధ్య ఎకరం పది సెంట్లు.
నడిమధ్య మా వాలీబాల్ కోర్టు,
పక్కన మా క్రికెట్ పిచ్,
మిగిలిందంతా మా బంతి దొర్లే చోటు.
ఆడపిల్లలకి
డొక్కలు ఎండేసే మూల,
కాలవ ఊటకి ఏడాదంతా చితచితలాడే నేల,
ఒక రబ్బరు రింగు.
"ఆళ్ళకి రింగాట చాలండీ" అనేవారు హెడ్మాస్టారు.
"ఆయ్" అనేవాళ్ళం అందరం.

సువార్తమ్మ మేడం వచ్చిన ఏడు
మొదట అడిగింది ఈల కాదు, స్టాకు రిజిస్టరు.
మగపిల్లలకు: బంతులు నాలుగు, నెట్టు ఒకటి,
బ్యాట్లు మూడు, బూట్లు పన్నెండు జతలు.
ఆడపిల్లలకు: రింగు ఒకటి, పాతది.
"పాతది" కింద ఎర్రసిరా గీత గీసి
కార్బన్ పేపరు పెట్టి అర్జీ రాసింది,
మండలానికొకటి, ఏలూరుకొకటి.
నకలు హేండ్‌బ్యాగులో, కేరేజీ కింద.
జవాబు కన్నా ముందు వానలొచ్చాయి.

కమిటీ మీటింగులో ఓ పెద్దాయన అడిగాడు:
"నిక్కర్లేసుకుని కూతెడతారా ఆడపిల్లలు?
కాళ్ళు కనబడవూ?"
మేడం నెమ్మదిగానే అంది:
"ఈళ్ళ అమ్మలు మోకాలిదాకా ఎగ్గట్టి
మీ చేలో ఊడుపులూడ్చినప్పుడు
కనబడని కాళ్ళు, బాబయ్యగారూ,
ఇక్కడెందుకు కనబడతన్నాయి?"
ఆయన టీ చల్లారిపోయింది.
కిటికీ అవతల మేం నవ్వాం,
ఎవర్ని చూసి నవ్వామో తెలీకుండానే.

మర్నాడు తెల్లారగట్ట
తమ్ముడి రొయ్యల చెరువు నుంచి
సైకిలు కేరేజీ మీద గుల్లసున్నం బస్తా,
భుజానికి కొబ్బరితాడు చుట్ట.
ఇటు కాలవ నుంచి కొలిచింది, అటు తోట నుంచి కొలిచింది,
సరిగ్గా సగంలో
మా పిచ్‌ని రెండు ముక్కలు చేస్తూ
తెల్లటి గీత పోసింది.
"ఈ వారం ఇటు మీది, అటు వాళ్ళది.
పై వారం అటు మీది."
అంతే. ఈల ఊదింది.

ఆ రాత్రి అయిదుగురం వెళ్ళాం.
చెప్పులు గట్టు మీద వదిలేసి,
సన్నటి జల్లులో,
ఆ చివర నుంచి ఈ చివరకి
కాళ్ళతో రుద్ది రుద్ది చెరిపాం.
తడి తగిలితే సున్నం ఉడుకుద్దని
సైన్సు మాస్టారు చెప్పిన రోజు
మేం వాలీబాల్ ఆడుతున్నాం.

పొద్దున్న ప్రేయర్లో
కుంటేవాళ్ళు సరిగ్గా అయిదుగురు.
మేడం వరస వెంట నడిచింది,
మొహాలు చూడలేదు, పాదాలు చూసింది.
ఒక్క పేరూ పలకలేదు.
బెల్లయ్యాక గాజుసీసాలో కొబ్బరినూనె తెచ్చి
"చాపండ్రా" అంది.
బొబ్బల మీద ఆవిడ వేళ్ళు.
మా నాన్న బెల్టు ఇంతకంటే నయం అనిపించింది.
తర్వాత తాడు కొస నా చేతికిచ్చింది:
"గట్టిగా లాగి పట్టు. వదులైతే గీత వంకరపోద్ది."
రెండో కొస గుబ్బల ధనకుమారి పట్టుకుంది.
నా వంక చూడలేదు. తాడు వంకే చూసింది.

ఆ ఏడు వాన పదకొండుసార్లు చెరిపింది.
పన్నెండుసార్లు పోశాం.

పాలకొల్లు జోనల్స్‌లో
రెండు పాయింట్లతో ఓడిపోయారు.
దండలేం లేవు. మేడం సొంత డబ్బుల్తో మిరపకాయ బజ్జీలు.
తిరుగుబస్సులో పోడూరు దాకా
ఒకళ్ళ ఊపిరి అయిపోతే ఒకళ్ళు అందుకుని
కూత తెగనివ్వలేదంట.
ఏలూరు నుంచి జవాబు ఆ వారమే వచ్చింది:
పరిశీలనలో ఉన్నది.
వెనకే ఆవిడకి బదిలీ.
దానికి మాత్రం పరిశీలన అక్కర్లేకపోయింది.

ఇప్పుడు నాకు నాలుగు చెరువులు.
సున్నం చల్లితే నీళ్ళ మీద తెల్లగా పరుచుకుని
కాసేపటికి ఎటో పోద్ది,
గీత నిలబడదు.
బడి వైపు వెళ్ళి చూద్దామంటే
ఎందుకో సైకిలు గట్టు దగ్గరే ఆగిపోద్ది.

పోయిన నెల రెండు బస్తాలు బడికి పంపాను.
మోసుకెళ్ళే కుర్రాడు అడిగాడు:
"గోడలకాండీ?"
నేలకి, అన్నాను.